పాత జీపు మీద దేశాల యాత్ర: కొనేనాడే తేలిపోయే గెలుపోటములు

సంతలో ఎద్దును కొనే రైతు ముందుగా దాని నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. గిట్టలు తట్టి చూస్తాడు. సుడులు వెతుకుతాడు. చివరకు కాడి కట్టి నాలుగు అడుగులు నడిపించాకే బయానా చేతిలో పెడతాడు. అదే రైతు కొడుకు పాత జీపు కొనడానికి వెళితే మాత్రం కొత్త రంగు, సీటు కవర్లు, హారన్ మోత చూసి జేబులో చెయ్యి పెడుతున్నాడు. అమ్మేవాడు 'ఇంజను మొన్ననే బోరు చేయించాం' అంటే, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్లు నమ్మేస్తున్నాడు.

ఊరి నుంచి మండల కేంద్రానికి తిరిగే జీపు దారిలో ఆగిపోతే నష్టం ఒక పూట పని. అదే జీపు మీద దేశాలు దాటి వేల కిలోమీటర్లు పోదలచిన వారికి ఆ పొరపాటు ప్రాణాల మీదికి రావచ్చు. బండితో పాటు బ్యాంకులో పెట్టిన సొమ్ము కూడా పోవచ్చు. అందుకే దూరయాత్రకు పాత నాలుగు చక్రాల డ్రైవు వాహనాన్ని ఎంచుకోవడం పెళ్లిచూపుల కంటే జాగ్రత్తగా సాగాల్సిన వ్యవహారం.

ఖరగ్‌పూర్ పక్కన పుట్టిన ఆలోచన

ఇలాంటి కొనుగోళ్లలో ప్రపంచమంతా చెప్పుకొనే ఉదంతం ఒకటి ఉంది. దానికి బీజం పడింది మన దేశంలోనే.

తెలుగు రైల్వే కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఖరగ్‌పూర్ పక్కనే కలైకుండ విమాన స్థావరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత, 1946లో, భారత సైన్యంలో పనిచేస్తున్న ఆస్ట్రేలియా ఇంజనీరు బెన్ కార్లిన్ కళ్లు అక్కడ మూలన పడి ఉన్న ఒక వింత జీపు మీద పడ్డాయి. దానికి చక్రాలూ ఉన్నాయి, పడవ ఆకారమూ ఉంది. నేల మీద నాలుగు చక్రాలతో పరుగెత్తుతుంది. నీళ్లలో వెనుక ఉన్న ప్రొపెల్లరుతో ఈదుతుంది. ఫోర్డు కంపెనీ అమెరికా సైన్యం కోసం తయారు చేసిన జి.పి.ఎ. రకం బండి అది. దీని మీద భూమి చుట్టూ తిరిగి రావచ్చునని కార్లిన్‌కు అనిపించింది. పక్కన ఉన్న మిత్రుడు నవ్వి ఊరుకున్నాడు.

కార్లిన్ మాత్రం ఊరుకోలేదు. 1947లో అమెరికాకు వెళ్లి, సైన్యం వదిలించుకుంటున్న పాత సరుకు వేలంలో అలాంటి జీపు ఒకటి 901 డాలర్లకు పాడుకున్నాడు. ఆ బండికి అప్పటికే మంచి పేరు లేదు. జీపు కంటే బాగా బరువు, నీళ్లలో అంచు మరీ తక్కువ ఎత్తు. కొద్దిపాటి అల వచ్చినా నీళ్లు లోపలికి వచ్చేవి. చెరువులు, నదులు దాటడానికి పనికొస్తుందేమో గాని సముద్రానికి తగదని తెలిసి, సైన్యమే 1943లో దాని తయారీ ఆపించింది. చౌకగా దొరికిన కారణం కూడా అదే.

కార్లిన్, ఆయన భార్య ఎలినోర్ ఆ బండికి పైన గది కట్టారు. అదనపు ఇంధన ట్యాంకులు బిగించారు. ఒక ప్రకటనలోని మాట తీసుకుని 'హాఫ్ సేఫ్' అని పేరు పెట్టారు. అంటే సగమే క్షేమం అని అర్థం. ఆ పేరు ఎంత నిజమో 1948లోనే తెలిసింది. ఒక ప్రయత్నంలో ఇంజను పొగ గదిలోకి వచ్చి భార్యాభర్తలిద్దరూ స్పృహ తప్పేదాకా వచ్చింది. మరోసారి ప్రొపెల్లరు షాఫ్టు బేరింగు పట్టేసింది. నడిసముద్రంలో రోజుల తరబడి కొట్టుకుపోయి, ఒక ఆయిలు ఓడ కంట పడడంతో బతికి బయటపడ్డారు.

పలుమార్లు ఓడిపోయిన తర్వాత 1950 జులై 19న కెనడాలోని హాలిఫాక్స్ నుంచి బయలుదేరి, నెల రోజులకు పైగా సముద్రంలో ఈది, అజోర్స్ దీవుల గట్టెక్కారు. 1951లో ఆఫ్రికా తీరం చేరారు. అక్కడి నుంచి ఐరోపాకు, ఇంగ్లండుకు వెళ్లారు. బండిని అక్కడ బాగుచేసుకుని 1955లో మళ్లీ కదిలారు. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ మీదుగా కలకత్తా దాకా వచ్చారు. ఆ అంచె తర్వాత ఎలినోర్ యాత్ర విరమించారు. కార్లిన్ మాత్రం బర్మా, థాయిలాండ్, వియత్నాం, జపాన్ మీదుగా సాగి, పసిఫిక్ మహాసముద్రం ఉత్తర భాగం దాటి అలాస్కా చేరాడు. 1958 మేలో కెనడా తూర్పు ప్రాంతంలో యాత్ర ముగించాడు. నీటి మీద సుమారు 17 వేల కిలోమీటర్లు, నేల మీద సుమారు 62 వేల కిలోమీటర్లు. నీళ్లలోనూ నేల మీదా నడిచే వాహనంతో ప్రపంచాన్ని చుట్టిన ఘనత ఆయనకే దక్కింది.

ఈ కథలో బండి గొప్పతనం తక్కువ. కార్లిన్ ఇంజనీరు కనుక దాని ప్రతి లోపం ఆయనకు తెలుసు. చెడిన ప్రతిసారీ తన చేతులతోనే బాగుచేసుకున్నాడు. అయినా బేరింగు ఒక్కటి మొరాయిస్తే ప్రాణం ఓడ కంట పడడం మీద ఆధారపడింది. ఆ నేర్పు లేనివారు అలాంటి బండిని ఎంచుకుంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు.

కొత్తది ఉండగా పాతది ఎందుకు?

డబ్బు ఆదా ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనవి మరో రెండు ఉన్నాయి.

మొదటిది ఇంధనం. మన దేశంలో 2020 నుంచి బి.ఎస్.-6 ప్రమాణం అమల్లోకి వచ్చింది. ఈ రకం డీజిలు బండ్లకు గంధకం చాలా తక్కువగా ఉన్న డీజిలు కావాలి. పొగను వడకట్టే ఫిల్టర్లు, సెన్సార్లు దానికి తగ్గట్టే ఉంటాయి. కొన్ని దేశాల మారుమూల బంకుల్లో అంత శుభ్రమైన డీజిలు దొరకదు. ఫిల్టరు మూసుకుపోతే బండి మొండికేస్తుంది. కంప్యూటరు పెట్టి చూస్తే గాని జబ్బు తేలదు. పాత కాలపు మెకానికల్ పంపు ఇంజనుకు ఆ బెడద లేదు. స్పానర్లు, సుత్తి ఉన్న ఏ ఊరి మెకానిక్ అయినా దాన్ని విప్పి బిగించగలడు.

రెండోది సరిహద్దు సుంకం. ఒక దేశం బండిని మరో దేశంలోకి తీసుకెళితే దిగుమతి సుంకం కట్టాలి. తాత్కాలికంగా వచ్చిన యాత్రికుడికి ఆ సుంకం లేకుండా చేసే పుస్తకమే 'కార్నె'. ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంస్థలు దీన్ని ఇస్తాయి. ఏడాది పాటు చెల్లుతుంది. దీనికోసం బండి విలువను బట్టి బ్యాంకు గ్యారంటీ చూపాలి. బండి విలువ ఎంత తక్కువైతే గ్యారంటీ భారం అంత తక్కువ.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ప్రతి దేశంలో అడుగుపెట్టినప్పుడు ఒకసారి, వెలుపలికి వచ్చినప్పుడు ఒకసారి ఆ పుస్తకంలో ముద్ర పడాలి. బండి మధ్యలో చెడిపోయిందని అక్కడే వదిలేసి విమానం ఎక్కి వస్తే, బయటికి వచ్చిన ముద్ర ఉండదు. ఆ దేశం సుంకం కట్టమంటుంది. ఆ సొమ్ము గ్యారంటీ నుంచి పోతుంది. బండి పోతుంది, డబ్బూ పోతుంది. ఊళ్లో పొలం కుదువపెట్టి గ్యారంటీ తెచ్చుకున్నవాడి గతి ఇక ఆలోచించుకోవలసిందే. చౌక బండి కొనమంటే తుక్కు బండి కొనమని కాదు.

ఏ బండి మేలు?

'పోయే దారిలో ఏ బండి సామాను దొరుకుతుంది?' కొనేవారు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది. బండి రకం తర్వాత.

గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చిన మన జిల్లాల డ్రైవర్లకు టొయోటా లాండ్ క్రూయిజర్ గురించి వేరే చెప్పనక్కరలేదు. అరబ్ ఎడారుల్లో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో దాని సామాను, దాన్ని విప్పడం తెలిసిన మెకానిక్‌లు విరివిగా కనిపిస్తారు. 1984లో వచ్చిన దాని 70 సిరీస్ ఈనాటికీ తయారవుతోంది. బ్రిటిష్ వారి లాండ్ రోవర్‌కు మరో గుణం ఉంది. దాని శరీరం అల్యూమినియం రేకు కనుక పైన తుప్పు పట్టదు. అడుగున ఛాసిస్ మాత్రం ఉక్కే. పైన నిగనిగలాడుతూ అడుగున చివికిపోయిన లాండ్ రోవర్లు ఎన్నో ఉంటాయి.

మన దేశంలో మహీంద్రా సంస్థ 1947 నుంచి విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. ఆ వంశానికి చెందిన డీజిలు జీపులు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ, తర్వాతి కాలపు థార్, టాటా సఫారీ, గూర్ఖా వంటివి పాత బండ్ల బజారులో దొరుకుతాయి. నేపాల్, భూటాన్ వైపు పోవడానికి ఇవి చాలు. సామాను కూడా దొరుకుతుంది. కాని పశ్చిమాసియా దాటి పోయేకొద్దీ వీటి సామాను దొరకడం కష్టం. వెంట మోసుకుపోవాలి, లేదా ఇంటి నుంచి విమానంలో తెప్పించుకోవాలి.

'జీపు' అన్న ప్రతిదానికీ నాలుగు చక్రాల డ్రైవు ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. మన రోడ్ల మీద తిరిగే జీపుల్లో వెనుక చక్రాలు మాత్రమే లాగేవి చాలా ఉన్నాయి. ముందు ఇరుసు మధ్యన గుండ్రని డిఫరెన్షియల్ హౌసింగ్ ఉందో లేదో వంగి చూస్తే తెలిసిపోతుంది.

జర్మనీకి చెందిన గుంథర్ హోల్టార్ఫ్ 1988 నాటి మెర్సిడెస్ జీపుతో 2014 వరకు సుమారు 9 లక్షల కిలోమీటర్లు తిరిగాడు. ఆ బండి వెంట వందల కొద్దీ విడిభాగాలు ఉండేవి. చాలా రిపేర్లు స్వయంగా చేసుకునేవాడు. ఆ బండిని ఇప్పుడు కంపెనీ మ్యూజియంలో ఉంచారు.

ముందు పడుకోవాలి, తర్వాత ఎక్కాలి

బండి చూడబోయేవారు పాత లుంగీ, టార్చిలైటు, చిన్న సుత్తి వెంట తీసుకెళ్లాలి. సీట్లో కూర్చోవడం చివరి పని. మొదట బండి కింద పడుకోవాలి.

ఛాసిస్ రెండు పట్టాలను ఈ చివర నుంచి ఆ చివర దాకా సుత్తితో మెల్లగా తట్టాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట బద్ద శబ్దం వస్తుంది. కమాను పట్టీలు బిగించే చోట్లు, స్టీరింగు పెట్టె బిగించే చోటు, అడ్డ పట్టీల అతుకులు ముఖ్యంగా చూడాలి. కొత్తగా వెల్డింగు చేసిన గుర్తులున్నా, అడుగున మాత్రం దిట్టంగా నల్ల రంగు పూసినా అనుమానించాలి. సముద్రతీరపు ఊళ్లలో తిరిగిన బండ్లకు ఉప్పుగాలి దెబ్బ ఎక్కువ.

ఇంజను మార్చవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు. ఛాసిస్ విరిగిన బండికి మందు లేదు.

ఇంజనును పొద్దున్నే చూడాలి

తాను వచ్చేదాకా బండిని స్టార్టు చేయవద్దని అమ్మేవారికి ముందే చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారన్నమాటే. వేడి మీద ఏ ఇంజనైనా లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని సెల్ఫులకు లేస్తుందో చూడాలి.

చల్లగా ఉండగానే రేడియేటరు మూత తీయాలి. నీళ్ల మీద ఆయిలు తేలుతున్నా, ఆయిలు పుల్లకు మజ్జిగ రంగు జిడ్డు అంటుకున్నా హెడ్ గాస్కెట్ పోయిందనో, హెడ్ పగిలిందనో అనుమానించాలి. స్టార్టు చేశాక పొగ రంగు చూడాలి. నీలం పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్లు. ఎంతకీ తగ్గని నల్ల పొగ వస్తే ఇంధనం ఎక్కువగా పోతున్నట్లో, గాలి అందనట్లో. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో చూడాలి. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీస్తే కొద్దిపాటి ఆవిరి రావడం సహజం. పొయ్యి ఊదినట్లు బుస్సుమని పొగ తన్నితే రింగులు, బోరు అరిగినట్లే.

నాలుగు చక్రాల పరీక్ష ఇసుకలోనే

చాలామంది మోసపోయేది ఇక్కడే. చిన్న లీవరు పడుతోంది కదా అని నాలుగు చక్రాలూ పనిచేస్తున్నాయనుకుంటారు. ఏళ్ల తరబడి వాడకపోతే లీవరు పడినా ముందు ఇరుసుకు బలం అందకపోవచ్చు.

దీన్ని గట్టి తారు రోడ్డు మీద పరీక్షించకూడదు. పాత జీపుల్లో ముందు, వెనుక ఇరుసులు ఒకదానికొకటి బిగుసుకుని మలుపుల్లో గేర్ల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. ఎండిన వాగు ఇసుకలోకో, దుక్కి దున్నిన చేలోకో బండిని దించాలి. నాలుగు చక్రాల డ్రైవు వేసి, లో గేరులో మెల్లగా కదిలిస్తుంటే, పక్కన నిలబడిన మనిషి ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో చూడాలి. లో గేరులో గట్టు ఎక్కించి, దించేటప్పుడు యాక్సిలరేటరు వదిలేయాలి. గేరు దానంతట అది జారి బయటికి వస్తే ఆ పెట్టె అరిగిపోయినట్లే. ముందుకూ వెనక్కూ మారుస్తున్నప్పుడు అడుగున 'టక్' మని మోగితే ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులు, కూత వినిపిస్తే క్రౌన్, పినియన్ చూపించుకోవాలి.

టైర్లు నాలుగూ ఒకే సైజు, ఒకే మాదిరి అరుగుదలతో ఉండాలి. లేకుంటే నాలుగు చక్రాల డ్రైవు వేసినప్పుడు గేర్ల మీద భారం పడుతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనట్లు. గుండీలు ఎంత ఎత్తుగా ఉన్నా, పాతబడి పగుళ్లు వచ్చిన రబ్బరు ఎడారి ఎండకు ఆగదు.

బరువు లెక్క, ఇంధనం లెక్క

బండి కొన్న ఉత్సాహంలో పైన క్యారియరు కట్టి, దాని మీద డబ్బాలు, గుడారం, రెండు స్టెప్నీలు ఎక్కించేవారున్నారు. పైన బరువు పెరిగితే పక్కవాటు దారిలో బోల్తా పడే ప్రమాదం ఉంది. బరువైనవన్నీ కింద, ఇరుసుల మధ్యన ఉండాలి. మనుషులు, నీళ్లు, డీజిలు అన్నీ కలిపి ఆర్.సి.లో రాసిన మొత్తం బరువు దాటకూడదు. కమాన్లు, ఇరుసులు విరగడానికి ఎక్కువసార్లు కారణం దారి కాదు, అధిక బరువే.

ఇంధనం లెక్క కూడా ముందే వేసుకోవాలి. నిండు బరువుతో లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండికి, బంకు బంకుకు మధ్య 600 కిలోమీటర్లుంటే మామూలుగా 60 లీటర్లు చాలు. ఇసుకలో ఖర్చు ఒకటిన్నర రెట్లయితే 90 లీటర్లు కావాలి. బండి ట్యాంకు 60 లీటర్లదైతే 20 లీటర్ల డబ్బాలు రెండు వెంట ఉండాలి. వేడి ప్రాంతంలో మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్లు తగ్గకూడదు. ముగ్గురు మూడు రోజులు చిక్కుకుంటే 45 లీటర్లు. అదీ 45 కిలోల బరువే.

కాగితంలో ఒక్క అంకె తప్పినా

ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన నంబర్లతో అక్షరం తప్పకుండా సరిపోవాలి. పాత జీపులకు ఇంజన్లు మార్చడం మామూలే. మార్చిన సంగతి ఆర్.సి.లో ఎక్కించకపోతే, కార్నెలో ఒక నంబరు, బండి మీద మరో నంబరు ఉంటాయి. మన ఊళ్లో ఎవరూ అడగకపోవచ్చు. పరాయి దేశపు సరిహద్దులో సుంకం అధికారి అడుగుతాడు.

సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. యాత్ర మధ్యలో గడువు ముగియకుండా చూసుకోవాలి. ఫైనాన్సు బాకీ ఉంటే ముందే తీర్పించి ఆర్.సి. నుంచి తీయించాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను రవాణా శాఖ కార్యాలయం ఇస్తుంది. అది ఏడాది చెల్లుతుంది. చైనా దాన్ని ఒప్పుకోదు. అక్కడ తాత్కాలిక లైసెన్సు, వెంట గైడు తప్పనిసరి. నేపాల్‌కైతే సరిహద్దులో రోజుల లెక్కన భన్సార్ రుసుము కట్టి పోవచ్చు.

దారులు కూడా కార్లిన్ నాటివి కావు. పాకిస్తాన్ మీదుగా పడమటికి పోయే దారి మనవారికి మూసుకున్నట్లే. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైనిక ప్రభుత్వం వచ్చాక తూర్పు దారీ కష్టమైంది. కేరళకు చెందిన నాజీ నౌషి 2022లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ చూడడానికి థార్ జీపుతో కతార్ వెళ్లినప్పుడు, బండిని ముంబయి నుంచి ఓడలో ఒమాన్‌కు పంపవలసి వచ్చింది. అంటే బండి ఖర్చులో ఓడ కిరాయి కూడా కలుపుకోవాలి. ఆస్ట్రేలియా వంటి దేశంలో టైరుకు, అడుగుభాగానికి అంటిన మట్టిని, గడ్డి గింజలను కూడా తనిఖీ చేస్తారు. పొలం మట్టితో ఓడ ఎక్కిన బండి అక్కడ రేవులోనే ఆగిపోతుంది.

ముందు వెయ్యి కిలోమీటర్లు మన నేల మీద

చేతిలో ఉన్న డబ్బంతా బండి ధరకే పెట్టడం పెద్ద తప్పు. కనీసం మూడో వంతు రిపేర్లకు ఉంచుకోవాలి. కొన్న వెంటనే ఆయిళ్లన్నీ, ఫిల్టర్లు, బెల్టులు, రేడియేటరు గొట్టాలు, బ్రేకు రబ్బర్లు, చక్రాల బేరింగులు కొత్తవి వేయించాలి. తీసిన పాతవాటిలో పనికొచ్చేవి స్పేరుగా వెంట ఉంచుకోవాలి. ఆ పని జరుగుతున్నంతసేపూ యజమాని మెకానిక్ పక్కనే కూర్చుని, ప్రతి నట్టు తన చేత్తో ఒకసారి విప్పి బిగించడం మంచిది. రేపు ఎడారిలో ఆ మెకానిక్ ఉండడు.

తర్వాత యాత్రకు ఎంత బరువు ఎక్కించదలచారో అంత బరువుతో మన జిల్లా రోడ్లు, ఘాట్లు, వాగుల వెంట కనీసం వెయ్యి కిలోమీటర్లు తిప్పాలి. విరిగేది ఇక్కడే విరగనివ్వాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే అది నయం.

కార్లిన్ 1981లో మరణించాడు. 901 డాలర్లకు పాడుకున్న ఆయన జీపు ఇప్పుడు ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, గిల్డ్‌ఫర్డ్ గ్రామర్ స్కూలులో పిల్లలు చూసేందుకు ఉంది. మన ఊళ్లలో సముద్రాలు దాటేవారు కొద్దిమందే ఉండవచ్చు. ధాన్యం మిల్లుకో, సంతకో, కొండ మీది గూడేలకో పాత జీపు కొని తిప్పుకుందామనుకునేవారు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారికీ పరీక్షలు ఇవే. పొద్దున్నే వెళ్లాలి, బండి కింద పడుకోవాలి, సుత్తితో తట్టాలి, వాగులోకి దించాలి, నంబర్లు సరిచూడాలి. బయానా ఆ తర్వాతే.